కుట్టు నేర్పడం సరే, కుట్టించుకునేదెవరు?

"మా ఊళ్ళో నలభై ముస్లిం ఇళ్ళున్నాయి, ఆడవాళ్ళకి కుట్టుశిక్షణ పెట్టిస్తే నిలదొక్కుకుంటారా?" అని మీరు అడిగారు. నేను నంద్యాల వైపు పల్లెలో దూదేకుల ఇంటి పిల్లని, అంటే దూది ఏకడం కులవృత్తిగా ఉన్న ముస్లింలం. మా ఊళ్ళో ఇలాంటి శిక్షణ రెండుసార్లు జరిగింది. మొదటిది మట్టిలో కలిసింది, రెండోది కొంత నిలబడింది. రెండింట్లోనూ నేనున్నాను.

మా తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా దూది ఏకేవాడు. నాన్న బూరుగుదూది పరుపులు కుట్టాడు. ఫోమ్ పరుపులొచ్చాక అదీ పోయింది. ఆడవాళ్ళు పత్తితీతకీ మిరపకోతకీ కూలికెళ్ళేవాళ్ళు. అప్పుడొక సంస్థవాళ్ళు వచ్చి మూడు నెలలు జాకెట్లు కుట్టడం నేర్పి, ఇరవై మందికి మెషిన్లిచ్చి, ఫొటోలు దిగి వెళ్ళారు. ఏడాది తిరిగేసరికి మా పిన్ని తన మెషిన్ మీద బొంతలు మడతేసి పెట్టుకుంది. ఇరవై మంది ఒకేసారి కుడతామని కూర్చుంటే ఆ ఊళ్ళో అన్ని జాకెట్లెక్కడివి? అప్పటికే ముగ్గురు టైలర్లున్నారు కూడా.

రెండోసారి మేం పనిని ముందు చూసుకుని, నేర్చుకోవడం తర్వాత పెట్టుకున్నాం. బడిపిల్లలకి ప్రభుత్వం మూడు జతల బట్ట ఇచ్చి, కుట్టుకూలి తల్లుల ఖాతాల్లో వేస్తున్న రోజులవి. తల్లులు బట్ట పట్టుకుని టౌనుకి పోతున్నారు. ఎందుకని అడిగితే ఒకావిడ మేం కుట్టిన చొక్కా తిరగేసి చూపించింది. ఒక్క ఉతుక్కే లోపలంతా పోగులూడిపోయాయి. బట్ట అంచుల పోగులూడకుండా కుట్టే ఓవర్‌లాక్ మెషిన్ లేకపోవడమే కారణం. పదకొండు మందిమి చందాలేసుకుని పాతది ఒకటి కొన్నాం. ఇద్దరు కటింగ్, ఒకరు కాజాలు, గుండీలు, మిగతావాళ్ళు కుట్టు. బడులు తెరిచే జూన్ నెలలో, మేం కుట్టే పీర్లచావిడి (మొహర్రంకి పీర్లని నిలిపే చోటు) వరండాలో నిలబడ్డానికి చోటుండేది కాదు.

ఇక కాగితాల సంగతి. నన్నడిగితే కుట్టుకన్నా ఇదే పెద్ద పని. రిజర్వేషన్ల లెక్కలో దూదేకులవాళ్ళు బీసీ-బి, షేకులు బీసీ-ఇ. మా వాళ్ళ పేర్లు ఆధార్‌లో ఒకలా, బడి రికార్డుల్లో ఒకలా ఉంటాయి. ఒకదాంట్లో ఇంటిపేరు దూదేకుల, ఇంకోదాంట్లో షేక్. ఏకులా వచ్చి మేకులా తగులుకునేది ఇదే, కుల సర్టిఫికెట్ అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది. ఒక ఆఫీసులో మా వదిన నుదుటి బొట్టు చూసి "మీరు మైనారిటీ ఎలా అవుతారమ్మా?" అన్నారు. పీర్లకి మొక్కుతాం, రంజాన్‌కి ఉపవాసముంటాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఇవన్నీ ఆ కౌంటర్ దగ్గర నిలబడి చెప్పేదెలా?

ఒక్కరుగా వెళ్తే "రేపు రా" అంటారు. పదిమందిమి కలిసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్ళాం. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. ఆ నంబర్ చూపిస్తే తర్వాత మాట్లాడే తీరే మారుతుంది. మాకు సర్టిఫికెట్లు చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది.

పథకాలంటారా, 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మలో దర్జీపని ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకి 500, పనిముట్లకి 15,000 రూపాయల వోచర్. ఒక కుటుంబంలో, అంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లల్లో, ఒక్కరికే ఇస్తారు, కాబట్టి ఎవరి పేరు పెట్టాలో ముందే తేల్చుకోండి. లేకపోతే ఆ గొడవ ఇంట్లోనే రేగుతుంది. అందులో ఉన్న 18 వృత్తుల్లో దూది ఏకడం మాత్రం లేదు. మా నాన్నకి చెబితే నవ్వాడు.

క్లాసులు మధ్యాహ్నం రెండు నుంచి పెట్టండి. మిరపకోతల్లో పెట్టకండి, ఎవరూ రారు. మండల కేంద్రంలో అసలొద్దు. ఆటో ఛార్జీలు ఒక బెడదైతే, ఇంట్లో మగవాళ్ళని ఒప్పించడం ఇంకో బెడద. మాకు పీర్లచావిడి కలిసొచ్చింది. ఊళ్ళో అందరూ వచ్చిపోయే చోటు కాబట్టి ముసలివాళ్ళు అభ్యంతరం చెప్పలేదు, రెడ్ల ఆడవాళ్ళూ బోయల ఆడవాళ్ళూ బట్టలు తెచ్చివ్వడానికి మొహమాటపడలేదు.

మా పదకొండు మందిలో ఇప్పుడు కుడుతున్నది ఆరుగురే. ఇద్దరు పెళ్ళిళ్ళై వెళ్ళిపోయారు, ముగ్గురు మళ్ళీ కూలికి పోతున్నారు, ఎందుకంటే కోతల రోజుల్లో కూలి డబ్బులే ఎక్కువ. వాళ్ళని తప్పుపట్టను.

మీ ఊళ్ళో బడి ఎంతవరకు ఉందో, ఎంతమంది టైలర్లున్నారో రాయండి. మెషిన్లు ఎన్ని కొనాలన్నది దాన్నిబట్టి చెప్తాను. ఓవర్‌లాక్ మాత్రం ముందే కొనండి.