కట్టేసిన బోటు మీద పిట్టలు, ఎలుకలు: చిన్నోడికి పెదనాన్న ఉత్తరం

ఒరేయ్ చిన్నోడా,

ఫొటోలు చూశాన్రా. నీ బోటు డెక్ (పైతలం) మొత్తం పిట్టల రెట్టతో సున్నం కొట్టినట్టుంది, ముందు నవ్వొచ్చింది, తర్వాత పాపం అనిపించింది, ఎందుకంటే నేనూ మొదటి ఏడాది ఇదే పడ్డాను. పిట్టల్ని భయపెట్టడానికి పెట్టిన ప్లాస్టిక్ గుడ్లగూబ మూడ్రోజులు పనిచేసి నాలుగో రోజు దాని నెత్తి మీదే రెట్ట వేశాయి అన్నావు చూడు, నాది ఇంకా అన్యాయం, ఓ సీగల్ (సముద్రపు పక్షి) దానికి ఆనుకుని కునుకు తీసింది. కదలని బొమ్మని పక్షి ఎన్నాళ్ళు నమ్ముతుంది చెప్పు. రోజూ చోటు మార్చే ఓపిక ఉంటే కొన్నాళ్ళు నడుస్తుంది, లేకపోతే అది ఇంకో కూర్చునే పీట అంతే.

ఇంకేమీ కొనకు ముందు. అసలు ఎవరొస్తున్నారో చూడు, చాలామంది చేసే తప్పు అదే, పిట్టల కోసం సామాను కొంటారు, తీరా చూస్తే వచ్చేది నీటికుక్క (ఓటర్). రైలింగ్ కింద వరసగా తెల్లచారలుంటే వాటి సీటు రైలింగ్. మాస్ట్ (తెరచాప స్తంభం) చుట్టూ గుండ్రంగా పడితే పైన కొసన నీటికాకి కూర్చుంటోంది. వెనక నీళ్ళలోకి దిగే ఈతమెట్టు దగ్గర చేప పొలుసులూ ముళ్ళూ కలిసిన జిగట పెంట, ముక్కు మూసుకునే కంపు ఉంటే నీటికుక్క, అది ఒకచోట అలవాటు పడితే మళ్ళీ మళ్ళీ అక్కడికే వచ్చి వెళ్తుంది. నల్ల పెంటికలు వడ్లగింజంత ఉంటే చుంచెలుక, దానికి రెండింతలుంటే పెద్ద ఎలుక. ఏమీ అర్థం కాకపోతే రాత్రి డెక్ మీద టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లి పొద్దున్నే అడుగులు చూడు, నేను అలాగే పట్టుకున్నా.

సీగల్స్ సంగతి తేలిక. రైలింగ్ పైన నాలుగు వేళ్ళ ఎత్తులో, క్యాబిన్ కప్పు అంచు వెంబడి గాలం దారం బిగించి కట్టు. పెద్ద రెక్కల పక్షికి దిగేటప్పుడు దారం తగిలితే చిరాకు, వేరే బోటు చూసుకుంటుంది. బిగించి అన్నాను గుర్తుపెట్టుకో, వదులుగా ఉంటే కాలో రెక్కో చుట్టుకుని చస్తుంది, ఆ పాపం నీకెందుకు. వదులు వల కూడా కప్పకు, అదీ అంతే. ఒక కొసకి ఎలాస్టిక్ తాడు, కొక్కెం పెట్టుకుంటే నువ్వు ఎక్కేటప్పుడు ఒక్క చేత్తో తీసెయ్యొచ్చు, లేదంటే నువ్వే తట్టుకుని పడతావ్ (నేను పడ్డాను, మోకాలికి ఇప్పటికీ మచ్చ ఉంది). పావురాలు మాత్రం దారాన్ని పెద్దగా లెక్కచెయ్యవు, వాటికి కూర్చునే అంచే లేకుండా చెయ్యాలి, ఏటవాలుగా టార్పాలిన్ కడితే జారిపోతాయి. మాస్ట్ కొసన ముళ్ళపట్టీ పెట్టించు, ఎందుకంటే నీటికాకి బరువుకి గాలి కొలిచే పరికరమూ యాంటెనా వంగిపోతాయి, రెట్ట కడుక్కోవడం కంటే అదే పెద్ద ఖర్చు.

అల్ట్రాసౌండ్ పెట్టె కొందామనుకుంటున్నా అన్నావ్, వద్దు. పక్షులకి ఆ శబ్దం వినపడదు, మనకి వినపడనంత పై స్థాయిది వాటికీ వినపడదు, ఇంక పారిపోయేదేముంది. మెరిసే రిబ్బన్లు, గాలికి తిరిగేవి కొంచెం నయం కానీ వారం వారం చోటు మార్చాలి.

ఇప్పుడు ఎలుక. పిట్ట డెక్ పాడుచేస్తుంది, ఎలుక బోటునే ముంచుతుంది, తమాషాకి అనట్లేదు. దాని పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరుకుతూ ఉండాల్సిందే, వైర్లు కొరికితే షార్ట్ సర్క్యూట్, నీటిమట్టం కింద ఉన్న రబ్బరు గొట్టం కొరికితే లోపలికి నీళ్ళే. అందుకే బోటు వదిలి వెళ్ళేటప్పుడు ఆ గొట్టాల వాల్వులు మూసెయ్, డెక్ మీద వాననీళ్ళు పోయేవి మాత్రం మూయకు. ఎలుక ఎక్కువగా వచ్చేది మనం కట్టిన మోకు మీద నుంచే. పెద్ద ఓడలు మోకులకి గుండ్రటి రేకు పళ్ళాలు తగిలిస్తాయి చూశావా, ఎలుక వాటిని దాటలేదు. నువ్వూ అలాంటివే పెట్టుకో, కానీ ఒడ్డుకీ బోటుకీ మరీ దగ్గరగా కాదు, పక్కనుంచి దూకేస్తుంది, అడ్డంగా ఒక మీటరు సునాయాసంగా దూకుతుంది అది. ఒక్క మోకు వదిలేసినా మిగతా పళ్ళాలన్నీ దండగ, కరెంటు కేబులూ నీళ్ళ పైపూ కూడా దానికి దారే, ఇది చాలామందికి తట్టదు. ఒడ్డు నుంచి బోటుకి వేసే మెట్లపలక రాత్రికి పైకి లాగెయ్. ఈత కూడా బాగా వచ్చు దానికి, అందుకని ఈతనిచ్చెన నీళ్ళలో వేలాడదీసి పోకు.

కన్నాలు వెతకడానికి ఒక పూట కేటాయించు. పెద్ద ఎలుకకి రెండు సెంటీమీటర్ల కన్నం చాలు, చుంచుకి పెన్సిల్ దూరే సందు చాలు. గాలి గొట్టాలకి స్టెయిన్‌లెస్ జాలీ వెయ్, సందుల్లో రాగి పీచు కుక్కు, మామూలు ఇనుప పీచైతే ఉప్పుగాలికి నెలలోనే తుప్పు కారి డెక్ మీద ఎర్రమరకలు. ఇంధనం ట్యాంకు గాలిగొట్టం మాత్రం పూర్తిగా మూసెయ్యకు, ట్యాంకుకి గాలి ఆడకపోతే ఇంజన్ ఆగిపోతుంది, సన్న జాలీ చాలు, కందిరీగలు అందులో మట్టిగూడు కట్టకుండా. మందు పెట్టొద్దు. మందు తిన్న ఎలుక ఎక్కడో బిల్జ్ (బోటు అడుగున నీళ్ళు చేరే చోటు) మూలలో చచ్చి కూర్చుంటుంది, ఎక్కడుందో దొరకదు, కంపు రెండు వారాలు, పైగా దాన్ని తిన్న గుడ్లగూబ కూడా చావొచ్చు, ఎలుకల్ని పట్టేది అదే కదా. టక్కున పడే బోను పెట్టు, రోజూ చూడు.

ఇంకో మాట, రాత్రంతా దీపాలు వెలిగించి ఉంచకు. దీపానికి పురుగులు, నీళ్ళమీద వెలుగుకి చిన్నచేపలు, వాటికోసం కొంగలు, నీటికుక్కలు, నువ్వే పిలిచినట్టవుతుంది. చేపలు డెక్ మీద కోస్తే మరీనూ.

నీటికుక్కకి దారం గీరం పనిచెయ్యవు, ఈతమెట్టు మీదకి ఎక్కనివ్వకుండా చుట్టూ తడికలాగా అడ్డు పెట్టు, కదలికని పసిగట్టి నీళ్ళు చిమ్మే సెన్సార్ స్ప్రేయర్ ఉంటే అదీ బాగానే పనిచేస్తుంది. ముట్టుకునే ప్రయత్నం మాత్రం చెయ్యకు, కరుస్తుంది గట్టిగా. సీ లయన్స్ (సీల్ లాంటి పెద్ద సముద్ర జంతువులు) ఉన్న తీరమైతే అది వేరే లెవెల్, శాన్ ఫ్రాన్సిస్కోలో పియర్ 39 దగ్గర 1990 నాటికి వందలకొద్దీ జెట్టీ ఎక్కి కూర్చున్నాయి, చివరికి ఆ జెట్టీని వాటికే వదిలేశారు. అక్కడ 1972 చట్టం ప్రకారం వాటిని వేధించకూడదు కూడా.

చట్టం అంటే గుర్తొచ్చింది, గుడ్లో పిల్లలో ఉన్న గూడుని పీకెయ్యకు. అమెరికాలో 1918 చట్టం, బ్రిటన్‌లో 1981 చట్టం ఒప్పుకోవు, చాలా దేశాల్లో ఏదో ఒకటి ఉంటుంది, నీ రేవు ఆఫీసులో కనుక్కో. గూడు కట్టడం మొదలెట్టగానే, పుల్లలు పడ్డ రోజే తీసెయ్యాలి, తెరచాప మడతల్లోనూ కవర్ కిందా అందుకే వారానికోసారి చెయ్యి పెట్టి చూడమంటా. గుడ్లు పెట్టేశాక మాత్రం ఓపిక పట్టు, వానకోయిల లాంటి చిన్నపిట్టకైతే పొదగడం రెండు వారాలు, పిల్లలెగరడానికి ఇంకో మూడు వారాలు, అంతే.

రెట్ట ఎండినది గీకకు. అందులో ఇసుక ఉంటుంది, పాలిష్ మీద గీతలు పడతాయి, యూరిక్ యాసిడ్ వల్ల రంగూ వార్నిషూ తింటుంది, అందుకే తొందరగా తీసెయ్యాలి. ఎండిన దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బులు కూడా వస్తాయి కాబట్టి ముందు బాగా తడుపు, పదినిమిషాలు నానబెట్టు, మాస్కూ గ్లౌజులూ వేసుకుని మెత్తటి గుడ్డతో తుడువు. బ్లీచింగ్‌నీ వెనిగర్‌నీ మాత్రం కలపకు, విషవాయువొస్తుంది.

ఇంజన్ పెట్టెలోంచి కిచకిచ వినపడుతోందన్నావ్ కదా చివర్లో, అసలు నేను ఉత్తరం మొదలెట్టింది అందుకే, మాటల్లో పడి మర్చిపోయా. స్టార్ట్ చెయ్యకు. వేడెక్కే గొట్టాల మీద ఎండుగడ్డి గూడుంటే అంటుకుంటుంది. ముందు మూత తీసి టార్చ్ వేసి చూడు, పిల్లలుంటే ఓ ఫొటో తీసి నాకు పంపు, ఏం చెయ్యాలో అప్పుడు మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న