మనుగుడుపులా, మనుగడుపులా?

సందేహం: మా అమ్మాయి పెళ్లి కార్యక్రమాల జాబితా తయారుచేస్తూ మా మేనల్లుడు ‘మనుగడుపులు’ అని టైపు చేశాడు. మా పెద్దమ్మ చూసి ‘గడుపులు కాదురా, గుడుపులు’ అంది. కొత్త దంపతులు అమ్మాయి పుట్టింట్లో మూడు రోజులు గడపడమే కదా, గడుపులు అంటే తప్పేమిటి? మూడు నిద్రలు అన్నా ఇదేనా?

సమాధానం: మీ పెద్దమ్మగారే గెలిచారు. ‘మనుగుడుపులు’ సరైన రూపం. ఇక్కడున్నది రోజులు గడపడం కాదు, భోజనం.

కుడుచు అంటే తినడం, తాగడం. నడుచు–నడుపు, విడుచు–విడుపు లాగే కుడుచు–కుడుపు. అంటే కుడుపు తినిపించడం, తినిపించే తిండి కూడా. మనువు పేరిట పెట్టే ఈ కుడుపులో ‘క’ మెత్తబడి ‘గ’ అయింది; కూర, కాయ కలిసి కూరగాయ అయినట్టు. పెళ్లయ్యాక అల్లుణ్ణి మామగారింటికి పిలిచి, కొసరి కొసరి వడ్డించి, వద్దని చెయ్యి అడ్డుపెట్టినా ఆ వేళ్ల సందుల్లోంచి ఇంకో గరిటె నెయ్యి పోసే ఆ రోజులకు ఇంతకంటే తగిన పేరేముంటుంది!

మీ మేనల్లుడు పొరబడడానికీ కారణం ఉంది. గడుచు–గడుపు కూడా అదే అచ్చులో పోసిన జంట. పైగా పక్కనే ‘మనుగడ’ అనే మాట వినబడుతూ ఉంటుంది. కుడుచు అనేది ఇవాళ నోటి వాడుకలోంచి దాదాపు తప్పుకుంది. చంటిబిడ్డ పాలు కుడవడంలోనూ, గేదెకు పెట్టే కుడితిలోనూ మిగిలింది. కొత్తల్లుడి విందుకూ గేదె కుడితికీ ధాతువు ఒకటేనని మాత్రం పెళ్లివారి ముందు అనకండి. కన్నడ, తమిళాల్లో కుడి అంటే తాగడమే; అదీ ఈ కుటుంబంలోదే.

మూడు నిద్రలు అన్నది చాలా ఇళ్లలో వినిపించే మాట. అత్తవారింట అల్లుడు గడిపే రాత్రుల లెక్క అది. చాలాచోట్ల రెండు మాటలూ ఒకే రాకను చెబుతాయి. ఒకటి విస్తళ్లను బట్టి వచ్చిన పేరు, రెండోది పడకను బట్టి. కొందరు మూడు నిద్రలను అబ్బాయి ఇంట్లో కూడా లెక్కపెడతారు కాబట్టి జాబితాలో ఏ ఇంట్లోనో రాసుకోవడం మంచిది.

అన్నట్టు, బహువచనం మార్చకండి. అప్పగింతలు, తలంబ్రాలు, మర్యాదల లాగే ఇదీ ‘లు’తోనే నోటికి అలవాటైంది.