మచ్చిక పిల్లి మీదపడి కరిచిందంటే ముందు చూడాల్సింది దాని ఒంటిని

ప్రశ్న: మా పిల్లికి ఆరేళ్లు. మగది. పిల్లలు పుట్టకుండా చిన్నప్పుడే ఆపరేషన్ చేయించాం. ఇంతవరకు ఎవరినీ రక్కి ఎరగదు. నాలుగు రోజుల క్రితం రాత్రి బాల్కనీ గ్రిల్ దగ్గర కూర్చుని ఉండగా ఎత్తుకోబోతే ఒక్కసారిగా మీదపడి మణికట్టు దగ్గర రెండు చోట్ల లోతుగా కరిచింది. ఆ సమయంలో కింద పిట్టగోడ మీద పిల్లులు అరుచుకుంటున్నాయి. గాయానికి పసుపు అద్ది గుడ్డ కట్టాను. అప్పటి నుంచి నేను కనిపిస్తే చాలు గుర్రుమంటోంది. మా వారితో మాత్రం మామూలుగానే ఉంటోంది. ఈ మధ్య బీరువా మీదికి ఎక్కడం కూడా మానేసింది. రేబిస్ టీకా వేయించి రెండేళ్లు దాటింది. పిల్లి పగబట్టిందని, గోనెసంచిలో వేసి బ్యారేజీ దాటించి సీతానగరం వైపు వదిలేసి రమ్మని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ పిల్లి సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ మణికట్టు గురించి చెప్పాలి. మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటవేసిన ఆ గాయమే ఈ మొత్తంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. పిల్లి కోరపళ్లు సూదుల్లా సన్నగా ఉంటాయి కనుక పైన చిన్న గాటులా కనిపించినా లోపల లోతుగా దిగుతాయి. పై చర్మం ఒకటి రెండు రోజుల్లో మూసుకుపోతుంది, పిల్లి నోట్లో సహజంగా ఉండే పాశ్చురెల్లా వంటి బ్యాక్టీరియా మాత్రం లోపలే ఉండిపోతుంది. మణికట్టు దగ్గర చర్మం కిందే కీళ్లు, నరాలు, స్నాయువులు ఉంటాయి. అక్కడ చీము పడితే చెయ్యి సరిగా ముడవలేని స్థితి రావచ్చు. పసుపు తీసేసి, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే కుళాయి నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఈ రోజే ఆసుపత్రికి వెళ్లండి. వాపు, ఎర్రదనం, సలుపు, జ్వరం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ క్షణమే బయలుదేరండి.

రక్తం వచ్చేలా పళ్లు దిగిన కాటును రేబిస్ విషయంలో అన్నిటికంటే తీవ్రమైన మూడో కేటగిరీ కింద లెక్కిస్తారు. అంటే టీకాతో పాటు గాయంలోకి, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా ఇవ్వాలి. నాలుగు రోజులు గడిచినంత మాత్రాన ఆలస్యమైపోయిందని వదిలేయకండి, ఇప్పుడు మొదలుపెట్టినా ఉపయోగమే. విజయవాడలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, ఇతర ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఈ టీకా ఉచితంగా వేస్తారు. చర్మం పొరలో ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు డోసులు ఉంటాయి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా డాక్టరుకు చెప్పండి.

మీ అత్తగారి సలహాను ఎందుకు పాటించకూడదో చెబుతాను. రేబిస్ సోకి, లాలాజలంలో వైరస్ వచ్చిన పిల్లి సాధారణంగా పది రోజులలోపే జబ్బు లక్షణాలు చూపి చనిపోతుంది. అందుకే కరిచిన రోజు నుంచి పది రోజులు దాన్ని కళ్లముందు ఉంచుకుని గమనించమంటాం. పదో రోజు దాటాక కూడా అది తింటూ తిరుగుతూ ఉంటే, కరిచిన నాటికి దాని ద్వారా మీకు రేబిస్ వచ్చే అవకాశం లేదని నిర్ధారణ అవుతుంది, మిగిలిన డోసుల సంగతి అప్పుడు డాక్టరు తేలుస్తారు. దాన్ని బ్యారేజీ దాటించి వదిలేస్తే ఈ సంగతి తెలుసుకునే దారి మీ చేతులారా మూసేసుకున్నట్టే. పైగా ఇంట్లో పెరిగిన పిల్లి బయట తిండి వెతుక్కోలేక మాడుతుంది. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. మీ అత్తగారి భయం అర్థం చేసుకోదగినదే, కోడలి చేతికి రక్తం కారితే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. ఈ పది రోజుల సంగతి ఆమెకు నిదానంగా వివరించండి.

ఇక ఈ పది రోజుల్లో ఏం గమనించాలి? గొంతు మారడం, నోటి నుంచి చొంగ కారడం, దవడ వేలాడటం, వెనుక కాళ్లు తూలడం, మనిషి అని వస్తువు అని లేకుండా ఎదురైన ప్రతిదాని మీదా ఎగబడటం ప్రమాద సంకేతాలు. వీటిలో ఏది కనిపించినా పిల్లిని తాకకుండా తలుపు మూసి పశువైద్యుడికి కబురు చేయాలి. మీ వారితో మామూలుగా ఉంటూ మిమ్మల్ని చూసి మాత్రమే గుర్రుమనడం రేబిస్ తరహా కాదు. అయినా టీకా గడువు దాటిన పిల్లి కనుక ఈ జాగ్రత్తలో సడలింపు ఇవ్వలేను.

మీ ఉత్తరంలో రెండు ఆనవాళ్లు ఉన్నాయి. మొదటిది, కింద పిల్లులు అరవడం. గ్రిల్ లోపల ఉన్న మగపిల్లికి తన సరిహద్దులోకి పరాయి గండుపిల్లి వచ్చినట్టు కనిపించింది, వినిపించింది. దాని మీదికి దూకాలని ఒళ్లంతా బిగుసుకుని ఉంది కానీ ఇనుప కడ్డీలు అడ్డం. సరిగ్గా ఆ క్షణంలో మీ చెయ్యి దాని ఒంటిమీద పడింది. పొంగివస్తున్న ఆ కోపం దగ్గర దొరికిన మీ మీదికి మళ్లింది. ఇలా దారిమళ్లిన దాడి పిల్లుల్లో పశువైద్యులుగా మేం తరచుగా చూసేదే. ఆ ఉద్రేకం గంటలకొద్దీ, ఒక్కోసారి రోజుల తరబడి దిగదు. మీ చీర, మీ వాసన, మీ అడుగుల చప్పుడు ఆ రాత్రి భయంతో ముడిపడిపోయాయి కనుక మిమ్మల్ని చూడగానే మళ్లీ బిగుసుకుంటోంది. దీనికి పగ అని పేరు పెట్టడం సరికాదు. అది మీకు భయపడుతోంది.

రెండోది బీరువా ఎక్కడం మానేయడం, దీన్ని నేను మొదటిదానికంటే ముఖ్యమైనదిగా భావిస్తాను. పిల్లి నొప్పిని దాచుకునే జంతువు. కుంటదు, మూలగదు, కేవలం ఎత్తులు ఎక్కడం మానేస్తుంది, తినేటప్పుడు తల ఒక పక్కకు వంచుతుంది, ఎత్తుకుంటే కరుస్తుంది. గుంటూరు కొత్తపేట నుంచి ఒక పెద్దావిడ, దువ్వెన పెడితే చాలు కరుస్తోందని తన తెల్లపిల్లిని తీసుకొచ్చారు. పైకి ఏమీ లేదు. తోక మొదట్లో వెంట్రుకలు కొద్దిగా అట్టకట్టి ఉన్న చోట కత్తిరించి చూస్తే, బియ్యపు గింజంత పక్కు కనిపించింది. దాన్ని తడిపి తీయగానే కింద నుంచి చెంచాడు చీము వచ్చింది. మరో పిల్లి ఎప్పుడో కరిచిన గాటు లోపల గడ్డ కట్టింది. ఆ గడ్డ మానాక అదే పిల్లి అదే దువ్వెన కింద కళ్లు మూసుకుని పడుకుంది. ఇలాగే చిగురు అంచున పన్ను కరిగి గుంటపడటం, కీళ్ల అరుగుదల, చెవిలో పుండు, వయసు పైబడిన పిల్లుల్లో థైరాయిడ్ ఎక్కువ కావడం, రక్తపోటు పెరగడం కూడా స్వభావాన్ని మార్చేస్తాయి. మగపిల్లి ఇసుక ట్రేలో పదేపదే కూర్చుని మూత్రం పోయలేకపోతుంటే అది గంటల్లో ప్రాణం మీదికి వచ్చే స్థితి, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అందువల్ల పరీక్ష తప్పనిసరి. మీకు దగ్గర్లో గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పిల్లి మచ్చికగా ఉన్నది మీ వారితోనే కాబట్టి ఆయనే దాన్ని బుట్టలో పెట్టి, పైన తువాలు కప్పి తీసుకెళ్లాలి. కరిచిన సంగతి, టీకా గడువు దాటిన సంగతి వెళ్లగానే చెప్పాలి. నొప్పి అనుకుని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం వేయకండి. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు, ఒక్క మాత్రతో చనిపోయే ప్రమాదం ఉంది. కుక్కలకు పిడుదుల కోసం వాడే పర్మెత్రిన్ మందు కూడా పిల్లికి విషమే.

ఇంట్లో దాన్ని ఒక గదిలో, తిండి, నీళ్లు, ఇసుక ట్రే పెట్టి ప్రశాంతంగా ఉంచండి. ఇది శిక్ష కాదు కాబట్టి గదిలోకి వెళ్లి తిట్టడం, నీళ్లు చల్లడం, కర్ర చూపించడం వద్దు. పిల్లినైనా గదిలో పెట్టి కొడితే తిరగబడుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. బాల్కనీ గ్రిల్‌కు కింది నుంచి మూడడుగుల ఎత్తు వరకు గుడ్డగానీ అట్టగానీ కట్టి, వీధి కనపడకుండా చేయండి. పిట్టగోడ మీద మిగిలిన అన్నం, చేపముళ్లు పెట్టే అలవాటు ఉంటే ఆపండి, వీధి గండుపిల్లి రావడానికి అదే కారణం కావచ్చు.

మీతో సఖ్యత మళ్లీ కుదరడానికి వారాలు పట్టవచ్చు. రోజూ తిండి గిన్నె మీరే పెట్టి, గుమ్మం దగ్గరే పక్కకు తిరిగి కూర్చోండి. సూటిగా చూడకండి, చెయ్యి చాచకండి. అది తింటూ ఉంటే మరునాడు ఒక అడుగు దగ్గరగా కూర్చోండి, తినడం ఆపితే మళ్లీ వెనక్కి జరగండి. ఉప్పు, కారం లేకుండా ఉడికించి, ముల్లు తీసిన చేపముక్క ఈ పనికి బాగా ఉపయోగపడుతుంది. చెవులు వెనక్కి అణచడం, కనుపాపలు నల్లగా విచ్చుకోవడం, తోక నేలకేసి కొట్టడం, వీపు మీద చర్మం అలలా కదలడం కనిపిస్తే లేచి నెమ్మదిగా బయటకు వచ్చేయండి. అదంతట అది వచ్చి మీ పాదానికి తల రాసే వరకు ఎత్తుకోవద్దు.

పది రోజుల గమనింపు పూర్తయ్యే వరకు పిల్లికి రేబిస్ టీకా వేయించకండి, రేబిస్ లక్షణాలకూ టీకా ప్రభావానికీ తేడా తెలియకుండా పోయే అవకాశం ఉంటుంది. పదకొండో రోజున అది ఆరోగ్యంగా ఉంటే, అదే రోజున వేయించి, వచ్చే ఏడాది తేదీని కార్డు మీద రాయించుకోండి.