వేళచ్చేరిలో మంచి గ్రిల్ చికెన్: మేనల్లుడికి ఒక ఉత్తరం

గూడూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వచ్చే ఆదివారం అక్కయ్య, బావగారు నీ దగ్గరికి వస్తున్నారనీ, బావగారు గ్రిల్ చికెన్ తినాలని ముచ్చటపడుతున్నారనీ, చెన్నై వేళచ్చేరిలో ఏ దుకాణంలో బాగుంటుందో చెప్పమనీ రాశావు. ఇరవై రెండేళ్లు ఆ పేటలోనే కాపురమున్నవాణ్ని కనుక ఒక పేరు రాసి ఊరుకోవచ్చు. అయినా రాయడం లేదు. ఊచకు గుచ్చి తిప్పుతూ కాల్చే కోడి రుచి, అది ఊచ మీద నుంచి దిగి ఎంతసేపయిందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. సాయంత్రం ఏడింటికి కమ్మగా పెట్టిన దుకాణమే రాత్రి పదిన్నరకు పీచులా ఎండిన ముక్కలు కట్టి ఇవ్వడం నేను ఎన్నోసార్లు చూశాను. అందుకే, చూసి పోల్చుకునే పద్ధతి రాస్తున్నాను.

ముందు ఏది అడగాలో తెలియాలి. నిలువు ఊచకు మాంసం పొరలు పేర్చి, అంచులు చెక్కి ఇచ్చేది షవర్మా. కోడిని రెండుగా చీల్చి, పలకగా పరిచి బొగ్గుల మీద కాల్చేది అల్ ఫహమ్. అరబీలో ఫహమ్ అంటే బొగ్గే. తోలు తీసి, గాట్లు పెట్టి, మట్టి పొయ్యిలో కాల్చేది తందూరి. చెన్నైలో గ్రిల్ అంటే మాత్రం అద్దం తలుపున్న పెట్టెలో, అడ్డంగా అమర్చిన ఊచల మీద, గ్యాసు మంట ఎదుట తోలుతో సహా నెమ్మదిగా తిరిగే కోడి. బావగారు అడిగింది దీన్నే.

ఆ తిరగడంలోనే దాని రుచి రహస్యమంతా ఉంది. మంట సెగకు తోలు కింది కొవ్వు కరిగినప్పుడు, కోడి కదలకుండా ఉంటే అదంతా కిందికి కారిపోతుంది. తిరుగుతూ ఉంటే కారబోయిన బొట్టు మళ్లీ ఒంటి మీదికే పాకుతుంది కనుక, తోలు కరకరలాడేలా కాలుతుంది, లోపలి కండ ఎండిపోదు. కిలో పైచిలుకు కోడి ఇలా సమంగా ఉడకడానికి దాదాపు గంట నుంచి గంటన్నర పడుతుంది. పెద్ద మంట పెట్టి తొందరపెడితే తోలు మాడుతుంది, తొడ ఎముక దగ్గర పచ్చిగా మిగిలిపోతుంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే నువ్వు ఎప్పుడు వెళ్లాలో కూడా తెలుస్తుంది. సాయంత్రం అయిదు, అయిదున్నరకు పెట్టె వెలిగించే దుకాణంలో మొదటి వాయి ఆరున్నర, ఏడు గంటల మధ్య దిగుతుంది. నువ్వు అక్కడ ఉండవలసింది అప్పుడే.

రోజు కూడా చూసుకోవాలి. ఆదివారం గిరాకీ ఎక్కువ, దిగిన కోడి దిగినట్టే అమ్ముడైపోతుంది. తమిళులు పురట్టాసి అని పాటించే నెలలో, అంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా, చాలా ఇళ్లలో మాంసం ముట్టరు. ఆ నెలలోని శనివారాల నియమం మరీ గట్టిది. అటువంటి రోజుల్లో కొనేవారు తగ్గి, కాలిన కోడి గంటల తరబడి ఊచ మీదే ఉండిపోతుంది. శనివారం మాంసం ముట్టని బావగారి నియమం ఈ విధంగా కూడా మనకు కలిసివచ్చింది.

ఆదివారానికి ముందు రెండు సాయంత్రాలు ఏమీ కొనకుండా ఊరికే నడిచి చూడు. విజయనగర్ బస్టాండు చుట్టుపక్కల మొదలుపెట్టి, తాంబరం వెళ్లే పెద్ద రోడ్డు మీద కొంతదూరం, ఆ తరువాత నీ ఆఫీసు దారిలోనే ఉన్న తరమణి వైపు రోడ్డు మీద కొంతదూరం నడిస్తే చాలు. ప్రతి అద్దాల పెట్టె ముందూ రెండు నిమిషాలు నిలబడు. తోలు బిగుతుగా, నూనె మెరుపుతో, ఒకచోట లేత గోధుమరంగులోను, ఇంకొకచోట ముదురుగాను ఉంటే అది సరిగా కాలుతున్న కోడి. కాలి చివర కండ వెనక్కి జరిగి ఎముక కొన బయటపడిందంటే ఉడకడం పూర్తికావచ్చిందని అర్థం. తోలు ముడతలు పడి, మెరుపు పోయి, నల్లబడి ఉంటే అది ఎప్పుడో కాలి, గిరాకీ కోసం ఎదురుచూస్తున్నది. ఒళ్లంతా ఒకే తీరుగా కుంకుమలా ఎర్రగా ఉంటే రంగు కలిపారని అనుమానించు. కారప్పొడి, పెరుగు, నిమ్మరసం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించిన కోడికి అంత ఎరుపు రాదు. కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో చికెన్ కబాబులలో కృత్రిమ రంగులను నిషేధించవలసి వచ్చిందంటే ఈ అలవాటు ఎంత పాకిందో ఊహించుకో.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. పచ్చి కోళ్లు గుచ్చిన ఊచ పైన, కాలినవి కింద ఉన్నాయా అని చూడు. అలా ఉంటే పచ్చి మాంసపు నీరు కాలిన కోడి మీద పడుతుంది. అటువంటి దుకాణం ఎంత పేరున్నదైనా దాటి వెళ్లిపో. పచ్చి కోడిని కొట్టే మొద్దు మీదే, అదే కత్తితో, కాలిన కోడిని కూడా ముక్కలు చేస్తుంటే అక్కడా ఆగవద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. చాలా ఏళ్ల కిందట ఒక వానాకాలపు రాత్రి, పదకొండు గంటలవేళ, సగం ధరకు ఇస్తామంటే ఆశపడి ఒక దుకాణంలో చివరి కోడిని తెచ్చాను. మంట ఎప్పుడో ఆపేశారు, కోడి గోరువెచ్చగా ఉంది. మరునాటికి మీ అత్తయ్య వాంతులతో ఆసుపత్రిలో చేరి రెండు రోజులు సెలైన్ ఎక్కించుకుంది. కోడి లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితేనే ప్రమాదకరమైన సూక్ష్మజీవులు చస్తాయనీ, కాలిన తరువాత కూడా 60 డిగ్రీలకు పైన ఉంచకపోతే అవి మళ్లీ పెరుగుతాయనీ నాకు ఆ తరువాతే తెలిసింది. మంట ఆగిన పెట్టెలోని కోడిని ఉచితంగా ఇచ్చినా తీసుకోకు.

అడిగేటప్పుడు మొహమాటపడవద్దు. "ఇదు ఎప్పో పోట్టదు, అణ్ణా?" అని తమిళంలో అడుగు, ఎప్పుడు పెట్టారో దాచకుండా చెప్పే దుకాణదారు దొరికితే అతణ్ని వదులుకోకు. "పుదుసు వరట్టుం, వెయిట్ పణ్రేన్" అంటే, కొత్తది రానివ్వండి, ఆగుతాను అని. మీరు ముగ్గురు కనుక ఫుల్ తీసుకో. హాఫ్, క్వార్టర్ అడిగితే ఇందాక కోసి పక్కన పెట్టిన ముక్కలు అంటగట్టే అవకాశముంది. ఫుల్ అయితే నీ కళ్లెదుటే ఊచ నుంచి తీసి కొడతారు. కొట్టేటప్పుడు తొడ దగ్గర కారే రసం తేటగా ఉందో లేదో చూడు. రసం ఎర్రగా కారితే ఇంకాసేపు తిప్పమని అడుగు. లేత కోళ్లలో ఎముక పక్క కండ బాగా ఉడికినా కాస్త గులాబి రంగులో కనిపించవచ్చు, దానికి బెదరనక్కరలేదు.

వెండిరేకు సంచిలో బిగించి కడితే లోపలి ఆవిరికి తోలు మెత్తబడి, ఇంతసేపు ఆగి తెచ్చుకున్న కరకర పోతుంది. సంచి మూతి కొంచెం తెరిచి ఉంచమని చెప్పి, నేరుగా ఇంటికి వెళ్లి, గంటలోపల తినేయండి. చెన్నై వేడికి అంతకన్నా ఆలస్యం మంచిది కాదు. కండ మిగలకపోవడమే మేలు, ఎముకలు మాత్రం అక్కయ్యకు ఇవ్వు. అదే రాత్రి మిరియాలు వేసి మరిగించి చారు పెడుతుంది, ఆ చారు కోసమైనా నేను రావలసింది.

పక్కన ఇచ్చే తెల్లటి మయోనైజ్ డబ్బా మాత్రం వద్దు. పచ్చిగుడ్లతో చేసే మయోనైజ్‌లో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు చేరే ప్రమాదం ఉన్నందునే తమిళనాడు ప్రభుత్వం 2025 ఏప్రిల్ 8 నుంచి ఏడాది పాటు దాన్ని నిషేధించింది. గుడ్డు లేనిదని దుకాణంలో అన్నా, డబ్బా మీద ఏమీ రాసి లేనప్పుడు నమ్మలేము. చక్రాల్లా కోసిన ఉల్లిపాయలు, అక్కయ్య నూరే పుదీనా పచ్చడి, పిండుకోవడానికి నిమ్మకాయ ఉంటే ఆ కోడికి ఇంకేమీ అక్కరలేదు. నిమ్మకాయలకు నువ్వు బజారుకు వెళ్లవద్దు. మన గూడూరు తోటల కాయలు రెండు డజన్లు అక్కయ్య సంచిలో పెట్టి పంపుతున్నాను.

ఇట్లు,
నీ మేనమామ