న్యూ ఆర్లీన్స్ వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి సిరికి,

మీ అత్తయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేసి నీకు న్యూ ఆర్లీన్స్‌లో రెసిడెన్సీ వచ్చిందని చెప్పాడు. మన ఇంట్లో మొదటి డాక్టరువి తల్లీ, ఎంత సంతోషించానో రాయలేను. ఆ వెంటనే “ఎప్పుడు చేరాలిట?” అని అడిగాను. జులై 1 అన్నాడు. అక్కడ తుపాను కాలం జూన్ 1న మొదలై నవంబరు 30 దాకా నడుస్తుంది. అది మొదలైన నెలకే నువ్వు అక్కడికి వెళ్తున్నావు. ఇక నిద్ర పట్టలేదు. పెట్టెలు సర్దుకోవడం, బ్యాంకు ఖాతా తెరవడం నీకు ఒకరు చెప్పాలా? అవి వదిలేస్తున్నాను.

ముందు ఇల్లు. ఆ ఊరు గిన్నెలాంటిది. ఒక పక్క మిసిసిపీ నది, ఇంకో పక్క పాంచర్‌ట్రైన్ సరస్సు, మధ్యలో దాదాపు సగం ఊరు సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. మన కృష్ణ ఒడ్డున మెరక ఎలా పేరుకుంటుందో అక్కడా అంతే, నది వందల ఏళ్లు ఒండ్రు వేసిన ఒడ్డే ఎత్తు. 2005లో కత్రినా తుపానుకు ఊరు 80 శాతం మునిగినా నది వెంబడి ఉన్న ఆ సన్నటి పట్టీ చాలావరకు పొడిగా నిలిచింది. అద్దె కాస్త ఎక్కువైనా అక్కడ వెతుకు. పాత చెక్క ఇళ్లుంటాయి, గది వెనక గది ఒకే వరసలో. షాట్‌గన్ ఇళ్లంటారు. ఇటుక దిమ్మెల మీద రెండు మూడడుగుల ఎత్తున కట్టినది చూసుకో. గచ్చు నేల మీద నేరుగా కట్టినది, ఎంత కొత్తదైనా, వద్దు.

వాన నీళ్లు ఆ గిన్నెలోంచి వాటంతట అవి పోవు, పంపులతో తోడాల్సిందే. మొదటి గంటలో ఒక అంగుళం, ఆపైన గంటకు అర అంగుళం, అదీ వాటి లెక్క. అంతకు మించి కురిస్తే వీధులు నిండుతాయి. 2017 ఆగస్టు 5న తుపాను లేనేలేదు, ఉత్త వానకే కార్లు మునిగాయి. రోడ్డు మధ్యనుండే గడ్డి దిమ్మెను అక్కడివాళ్లు ‘న్యూట్రల్ గ్రౌండ్’ అంటారు. పెద్ద వాన వస్తుందంటే కార్లు దానిమీద పెట్టుకోవడానికి నగరం అనుమతిస్తుంది. ఆ కబురు ఫోన్‌కు రావాలంటే నోలా రెడీ అనే నగర హెచ్చరికల సేవలో నంబరు నమోదు చేసుకో.

అద్దె ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద ఉండదు. వరద పాలసీ విడిగా తీసుకోవాలి, మామూలుగా కట్టిన 30 రోజులకు గానీ అది అమల్లోకి రాదు. ఆగస్టులో తుపాను పేరు వినిపించాక కట్టినా ఆ తుపానుకు పనికిరాదు. లీజు మీద సంతకం పెట్టిన రోజే కట్టు.

ఆసుపత్రిలో చేరిన మొదటి వారంలోనే అడగాల్సింది ఒకటుంది. తుపాను వస్తే లోపలే ఉండిపోయే బృందం ఒకటి, అది దాటాక వచ్చి వాళ్లను విడిపించే బృందం ఒకటి ఉంటాయి. నీ పేరు ఎందులో ఉందో తెలుసుకో. మొదటిదైతే అయిదారు రోజుల బట్టలు, దుప్పటి, మందులు సంచిలో సర్ది ఉంచుకో. రెండోదైతే ఊరు విడిచి వెళ్లాలి. ఇక్కడే నా భయమంతా.

ఆ ఊరు చేసిన పాత తప్పు ఒకటుంది సిరీ, శ్రద్ధగా చదువు. 2004 సెప్టెంబరులో ఐవాన్ తుపాను వస్తోందంటే జనం బయల్దేరారు, గంటల తరబడి రోడ్డు మీద ఇరుక్కుపోయారు. తీరా అది అలబామా వైపు వెళ్లిపోయింది. “అనవసరంగా వెళ్లాం” అనుకున్నారు. మరుసటి ఏడు కత్రినా వచ్చినప్పుడు ఆ మాట చాలామంది కాళ్లకు అడ్డం పడింది. తప్పనిసరిగా ఖాళీ చేయాలన్న ఆదేశం ఆగస్టు 28, ఆదివారం పొద్దున వచ్చింది. సోమవారం పొద్దున తుపాను తీరం దాటింది. చేతిలో ఒక్క రోజు. వెళ్లినవాళ్లూ రెండు మూడు జతల బట్టలతో, “మూడు రోజుల్లో వచ్చేస్తాం” అనుకుంటూ వెళ్లారు. గట్లు తెగి నీళ్లు వచ్చాక తిరిగి ఊళ్లో అడుగు పెట్టడానికి వారాలు పట్టింది. ఆగస్టు ఎండలో కరెంటు లేని ఫ్రిజ్‌లో మాంసం, రొయ్యలు ఏమవుతాయో డాక్టరువి నీకు తెలుసు. వచ్చినవాళ్లు వాటి తలుపులు తెరవకుండా చుట్టూ టేపు వేసి వీధిలోకి దొర్లించారు. వీధుల నిండా తెల్లటి ఫ్రిజ్‌లు, వాటిమీద కోపంతో, దుఃఖంతో రాసిన రాతలు, వేసిన బొమ్మలు. వెళ్లకుండా ఉండిపోయినవాళ్లలో నీళ్లకు భయపడి అటకెక్కి, పైకప్పు పగలగొట్టలేక అక్కడే పోయినవాళ్లున్నారు. 1965లో బెట్సీ తుపాను చూసిన ముసలివాళ్లు అటక మీద గొడ్డలి ఎందుకు ఉంచుకుంటారో దీన్నిబట్టి తెలుసుకో.

ఇంకో సంగతి. తుపానుకు 1 నుంచి 5 దాకా ఇచ్చే కేటగిరీ నంబరు చూసి నిర్ణయించుకోకు. అది గాలి వేగం చెబుతుంది, నీళ్ల ఎత్తు చెప్పదు. తీరం దాటేటప్పటికి కత్రినా కేటగిరీ 3కి దిగింది, కానీ అంతకుముందు రోజు 5గా ఉన్నప్పుడు లేపిన నీళ్లు తగ్గలేదు. ఉప్పెన అంటే ఏమిటో 1977 తర్వాత దివిసీమ మనుషులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా భయం అక్కడి నుంచే వచ్చింది, అది పోదు.

కాబట్టి జూన్ నుంచి కారు ట్యాంకు సగానికి దిగనివ్వకు. రోడ్లన్నీ బయటికే నడిపించే ఏర్పాటు చేయాలంటే అధికారులకు 72 గంటలు కావాలి. 2021లో ఐడా అంత గడువివ్వలేదు, చూస్తుండగానే బలపడింది. ఆదేశం కోసం కాచుకుని కూర్చోకు, ఇంకా మూడు రోజులుందనగానే కదులు. దారులు రెండు అనుకుని పెట్టుకో. పడమరకు హ్యూస్టన్, దాదాపు 350 మైళ్లు. అక్కడ మనవాళ్లు బోలెడుమంది, పేర్‌ల్యాండ్ మీనాక్షమ్మ గుడి దగ్గర అన్నం పెట్టేవాళ్లు దొరక్కపోరు. తుపాను టెక్సాస్ వైపు తిరిగితే ఉత్తరాన మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌కు వెళ్లు. కారు కొనేలోపే తుపాను వస్తే? ఊళ్లో 17 చోట్ల చేయి పైకెత్తి నిలబడ్డ స్టీలు మనిషి బొమ్మలున్నాయి, దాదాపు 14 అడుగుల ఎత్తు. డగ్లస్ కార్న్‌ఫెల్డ్ అనే శిల్పి చేశాడు. ఊరు ఖాళీ చేయమన్నప్పుడు బస్సు ఎక్కాల్సింది అక్కడే. ఫొటో దిగి ఊరుకోకుండా నీ ఇంటికి దగ్గరిది ఏదో నడిచి చూసి రా. రైలు కదిలాక ఎక్కే అలవాటు నీది, నాకు తెలీదా? ఆ ఆటలు అక్కడ సాగవే.

బయల్దేరే ముందు ఫ్రిజ్, ఫ్రీజర్ పూర్తిగా ఖాళీ చెయ్యి. ఖాళీ చేయలేకపోతే కప్పులో నీళ్లు గడ్డకట్టించి పైన ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచు. వచ్చి చూసేసరికి నాణెం అడుగున ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం, అన్నీ పారేయాల్సిందే. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, డిగ్రీ, లీజు నీళ్లు చొరని సంచిలో పెట్టుకో. ప్రతి గదినీ ఫొటో తీసుకో, ఇన్సూరెన్స్‌వాళ్లు అడుగుతారు.

ఇంట్లోనే ఉండాల్సి వస్తే మన వంటిల్లే కాపాడుతుంది. అటుకులు, మరమరాలు, కందిపొడి, ఆవకాయ, నెయ్యి, వేరుశనగ ఉండలు, ఏవీ ఫ్రిజ్ అడగవు. మనిషికి రోజుకు గాలన్ నీళ్ల చొప్పున కనీసం వారానికి పెట్టుకో. ఐడాకు ఊరంతా కరెంటు పోయింది. ఆ తర్వాత ఎండ వేడికి కొందరు, జనరేటర్ పొగకు కొందరు చనిపోయారు. ఎవరైనా వరండాలో జనరేటర్ పెడితే మొహమాటపడకు, కిటికీలకు 20 అడుగుల దూరం జరపమని చెప్పు.

భయపెట్టాను కదూ. అంత గొప్ప ఊరు మళ్లీ దొరకదు, అదీ నిజమే. సోమవారం ఇంటింటా రెడ్ బీన్స్, అన్నం. అది బట్టలుతికే రోజు కాబట్టి పొయ్యి మీద దానంతట అది ఉడికే కూర పడేసేవారు. నువ్వు పంది మాంసం తినవు, అందులో చాలాచోట్ల వేస్తారు, అడిగి తిను. ఇంట్లోనైతే పౌను గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున కొత్త నీళ్లలో పది నిమిషాలు బాగా తెర్లించి, ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికం వేసి మంట తగ్గించు. మెత్తబడ్డాక గరిటెడు తీసి పప్పులా మెదిపి మళ్లీ కలుపు, చిక్కబడుతుంది.

గంబో అని అక్కడ చిక్కటి పులుసు ఒకటి చేస్తారు. ఆ పేరే ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న మాట నుంచి వచ్చిందంటారు. దాని ప్రాణం ‘రూ’ అనే నూనెలో వేయించిన పిండి. కప్పు నూనె, కప్పు మైదా, సన్నటి మంట మీద ముప్పావు గంట చేయి ఆపకుండా కలపాలి, చాక్లెట్ రంగు వచ్చేదాకా. నల్ల మచ్చ ఒక్కటి కనిపించినా పోపు మాడినట్టే, పారబోసి మళ్లీ మొదలుపెట్టు. బెండకాయ ముక్కలు విడిగా, జిగురు తీగలు పోయేదాకా వేయించి అప్పుడు వెయ్యి. నీకు ఇది చిటికెలో వస్తుంది, మా అమ్మ బెండకాయ వేపుడు చెయ్యి నీది.

మార్చి 19 రాత్రి సెయింట్ జోసెఫ్ పండుగ. ఆ రోజు డ్యూటీ లేకుండా చూసుకో. మాస్కింగ్ ఇండియన్లు, అంటే అమెరికా ఆదివాసుల తరహా వేషం కట్టే నల్లజాతివాళ్లు, ఏడాదంతా చేత్తో పూసలు కుట్టుకున్న దుస్తులతో, ఈకలతో వీధుల్లోకి వస్తారు. మగ్గం వర్కు చేసేవాళ్ల వేళ్లు చూసినదానివి, ఆ కష్టం నీకు తెలుస్తుంది. తోవ ఇవ్వు, ఈకలు ముట్టుకోకు, ఫొటోకు అడిగి తీసుకో.

మే నెల సాయంత్రాలు ఉసుళ్లు మబ్బులా లేస్తాయి, చెక్కను తినేసే రకం. దీపాలు ఆర్పెయ్యి.

ఇల్లు కుదిరిన రోజు ఫోన్ చెయ్యి. గదులెన్ని, అద్దెంత అని అడగను. వీధి నుంచి గుమ్మానికి మెట్లెన్నో లెక్కపెట్టి చెప్పు, చాలు.

మీ అత్తయ్య