గంజాయి అంటే ఏమిటని పిల్లవాడు అడిగితే...

ప్రశ్న: నమస్కారమండీ. మా బాబు నాలుగో తరగతి, పాప ఒకటో తరగతి చదువుతున్నారు. మొన్న రాత్రి భోజనాల వేళ టీవీలో, ఏజెన్సీ నుంచి వస్తున్న వ్యానులో గంజాయి పట్టుబడిందని వార్త వచ్చింది. "అమ్మా, గంజాయి అంటే ఏమిటి? ఆకుకూరా?" అని బాబు అడిగాడు. మా వారు వెంటనే చానల్ మార్చి, "ఆ మాటలు నీకెందుకు, అన్నం తిను" అని కసిరారు. నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మా వీధి చివరి ఖాళీ స్థలంలో సాయంత్రాలు కొందరు కుర్రాళ్లు చేరుతుంటారు. పిల్లలు ఆ దారినే ట్యూషన్‌కు వెళ్లి వస్తారు. ఇంత చిన్న వయసులో ఇటువంటివి చెబితే లేనిపోని ఆసక్తి రేపినట్టు అవుతుందేమోనని భయం, చెప్పకపోతే ఏమవుతుందోనని అంతకు మించిన భయం. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, కంచరపాలెం

జవాబు: ముందుగా మీ బాబు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి. అడిగి రెండు రోజులైంది కాబట్టి వాడు మరిచిపోయి ఉంటాడని అనుకోకండి. కసిరి ఆపిన ప్రశ్నను పిల్లలు చాలాకాలం గుర్తుంచుకుంటారు, ఇంట్లో దొరకని జవాబును బయట వెతుక్కుంటారు. విశాఖలో పెరిగే పిల్లవాడి చెవిన ఈ మాట పడకుండా చూడడం మనవల్ల అయ్యే పని కాదు. ఒకప్పుడు మన జిల్లాలోనే ఉండి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా విడిపోయిన మన్యం నుంచి, దానికి ఆనుకుని ఉన్న ఒడిశా కొండల నుంచి వచ్చే సరుకు మైదానానికి దిగే దారులు మన చుట్టుపక్కలే ఉన్నాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని పోలీసులు తగలబెట్టిన దృశ్యాన్ని పెద్దలతో పాటు పిల్లలూ టీవీలో చూశారు. పేరు తెలిస్తే ఆసక్తి పుడుతుందన్న మీ భయం సహజమే కానీ, ఆ పేరు మీ ఇంట్లోకి ఇదివరకే వచ్చింది, దాని అర్థం మీ నోట వినడమే మిగిలింది.

తొమ్మిదేళ్ల పిల్లవాడికి నాలుగు వాక్యాలు చాలు. "అది ఆకుకూర కాదు నాన్నా. ఒక మొక్క పూతను ఎండబెట్టి, కాల్చి ఆ పొగ పీలుస్తారు. ఆ పొగ మెదడును మత్తులో ముంచుతుంది, అప్పుడు చదివింది గుర్తుండదు, ఏది మంచో ఏది ప్రమాదమో సరిగా తోచదు. పిల్లల మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది కనుక వాళ్లకు మరింత చెడుపు చేస్తుంది, అందుకే దాన్ని అమ్మినా దగ్గర ఉంచుకున్నా పోలీసులు పట్టుకుంటారు." ఇంతవరకు చెప్పి ఆగి, వాడు ఏమంటాడో వినండి. మెదడు ఎదుగుదల దాదాపు 25 ఏళ్ల వరకు సాగుతుందనీ, తొందరపాటును అదుపు చేసే ముందు భాగం అన్నిటికన్నా ఆలస్యంగా పరిణతి చెందుతుందనీ వైద్యశాస్త్రం చెబుతోంది. ఆ వివరమంతా వాడికి ఇప్పుడు అక్కరలేదు, మీకు తెలిసి ఉంటే చాలు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. వార్తలో "ఏజెన్సీ గంజాయి" అన్న మాట విన్న పిల్లలు, తమ తరగతిలో పాడేరు నుంచో చింతపల్లి నుంచో వచ్చి చదువుకుంటున్న పిల్లవాడిని వేరుగా చూడడం మొదలుపెడతారు. అడ్వాన్సు డబ్బు ఆశ చూపి ఆ మొక్కలు వేయించిన వ్యాపారులు చాలావరకు బయటివారేననీ, కాఫీ, మిరియాలు పండించుకుని గౌరవంగా బతికే కుటుంబాలు ఆ కొండల నిండా ఉన్నాయనీ మీ బాబుకు తప్పక చెప్పండి.

మీ పాపకు గంజాయి పేరు ఎత్తనవసరం లేదు. ఆరేళ్ల వయసులో పాఠం మందుల డబ్బా దగ్గర మొదలవుతుంది. జ్వరం వచ్చినప్పుడు గులాబీరంగు సిరప్పును చూపించి "ఇది జ్యూస్, తాగేయ్" అనీ, మాత్రను చూపించి "ఇది చాక్లెట్, మింగేయ్" అనీ మనమే అంటాం. ఎంత ప్రేమతో అన్నా ఆ మాట ప్రమాదకరమైనది, మీ ఇంట్లో అటువంటి అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. మందును మందు అనే చెప్పాలి. డాక్టరు చెప్పినంత, అమ్మ చేతి మీదుగా మాత్రమే వేసుకోవాలనీ, అన్నయ్య మందు చెల్లికి పనికిరాదనీ, ఎక్కువైతే మేలు చేసే మందే విషమవుతుందనీ పాపకు తెలియాలి. ఏదైనా నోట్లో పెట్టుకునే ముందు, ముక్కు దగ్గర పెట్టుకునే ముందు ఇంట్లో అడగాలన్న అలవాటు ఇప్పుడు పడితే, పన్నెండేళ్లప్పుడు చెప్పే పెద్ద మాటలు ఆ పునాది మీద నిలుస్తాయి.

ముక్కు అని ఊరికే అనలేదు. పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్, పెయింట్లలో కలిపే థిన్నర్ వంటివి పీల్చే అలవాటు చిన్న వయసులోనే మొదలవుతుంది, ఎందుకంటే అవి చవకగా, ఎవరికీ అనుమానం రాకుండా దొరుకుతాయి. మన దేశంలో పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువ శాతం మంది వాడే మత్తు ఇదొక్కటేనని 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జాతీయ సర్వే నివేదిక తెలిపింది. వీటి ఆవిరి గుండె లయను ఒక్కసారిగా దెబ్బతీయగలదు, మొదటిసారి పీల్చినప్పుడే ప్రాణం పోయిన సందర్భాలు ఉన్నాయి. మీ బాబుకు గంజాయి కన్నా ముందు దీని గురించి చెప్పండి.

భయపెట్టి చెప్పవద్దు. "అది తాగితే వెంటనే చచ్చిపోతారు" అని చెబితే, తాగిన కుర్రాడు మర్నాడు అదే వీధిలో క్రికెట్ ఆడుతూ కనిపిస్తాడు. అమ్మ చెప్పింది అబద్ధమని ఆ పూటే పిల్లవాడికి రుజువైపోతుంది, ఆ తరువాత మీరు చెప్పే నిజాలకు కూడా విలువ ఉండదు.

కొంతకాలం క్రితం ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కొడుకును నా దగ్గరకు తీసుకువచ్చింది. వాడు బడికి వెళ్లనని మొండికేస్తున్నాడు. తల్లి బయట కూర్చున్న తరువాత, చొక్కా అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు మౌనంగా ఉన్నాడు. చివరికి తేలిందేమిటంటే, దారిలో ఒక "అన్న" చిన్న పొట్లం చేతికిచ్చి మలుపులో ఉన్న స్కూటర్ అతనికి ఇచ్చి రమ్మన్నాడట, ఇరవై రూపాయలు ఇచ్చాడట. వాడు ఆ నోటు తెచ్చి అమ్మకు చూపించాడు. ఆమె భయంతో ఏమీ అడగకుండానే రెండు దెబ్బలు వేసింది. రెండోసారి, మూడోసారి పొట్లం మోసినప్పుడు వాడు ఇంట్లో చెప్పలేదు. ఆ తల్లిని నేను తప్పుపట్టలేదు, ఆమె స్థానంలో ఎవరున్నా చెయ్యి లేచేదేమో. కానీ ఆ మొదటి నోటుతో వాడు ఇంటికి పరుగెత్తి వచ్చిన ఆ ఐదు నిమిషాలే అన్నిటికన్నా విలువైనవి. పిల్లలతో ఇటువంటి పని చేయించిన వారికి బాలల న్యాయ చట్టం, 2015 కింద ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడవచ్చు. చట్టం దృష్టిలో కూడా తప్పు చేయించినవాడిది.

అందుచేత మీ ఇద్దరు పిల్లలతో ఒక ఆట ఆడండి. మీరు ఆ అన్నగా నటించి, "తమ్ముడూ, ఈ కవరు అక్కడ ఇచ్చి రా" అనండి. "ఒక్కసారి వాసన చూడు, ఏం కాదు" అనండి. పెద్దవాళ్ల ముఖం మీద "వద్దు" అనడం మన పిల్లలకు కష్టం, మనమే వాళ్లను అలా పెంచాం. "అమ్మనడిగి వస్తా" అని వెనక్కి తిరిగి నడవడం సులువు. ఆ మాట తడుముకోకుండా నోటికి వచ్చేదాకా సాధన చేయించండి. వచ్చి చెప్పిన రోజున దెబ్బ ఉండదని మీ వారి చేత కూడా పిల్లల ఎదుటే మాట ఇప్పించండి.

ఆ ఖాళీ స్థలంలో నిజంగా గంజాయి చేతులు మారుతోందని అనిపిస్తే, మీరు వెళ్లి ఆ కుర్రాళ్లను నిలదీయకండి. మాదకద్రవ్యాల అక్రమ రవాణాను అరికట్టడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఏర్పాటు చేసిన ఈగల్ అనే పోలీసు విభాగానికి 1972 నంబరులో తెలియజేయవచ్చు.

ప్రశ్న: బడి గేటు దగ్గర మత్తు చాక్లెట్లు పంచుతున్నారని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నెలకోసారి వస్తోంది. మనవరాలిని బడికి పంపాలంటే గుండె దడగా ఉంటోంది. అది నిజమేనా?
- ఒక అమ్మమ్మ, ఎం.వి.పి. కాలనీ

జవాబు: గంజాయి కలిపిన చాక్లెట్లు తెలుగు రాష్ట్రాలలో పట్టుబడిన మాట నిజం. అయితే ఊరు, తేదీ, బడి పేరు లేకుండా తిరిగే సందేశాలలో చాలావరకు ఏళ్ల తరబడి దేశదేశాలు తిరుగుతున్న వదంతులే. వాటిని ముందుకు పంపకండి, మనవరాలికి చదివి వినిపించకండి. తెలియనివారు ఇచ్చింది తినకూడదనీ, తెలిసినవారు ఇచ్చినా ఇంటికి తెచ్చి చూపించి తినాలనీ మాత్రం నేర్పండి. పిల్లలకు మత్తు చూపించేది చాలాసార్లు పరిచయం ఉన్నవాళ్లే కనుక ఆ రెండో భాగాన్ని వదిలేయవద్దు.

ప్రశ్న: నేను పోర్టులో లారీ డ్రైవర్‌ని. ఇరవై ఏళ్లుగా ఖైనీ వేస్తున్నాను. పదేళ్ల మా అబ్బాయి చేతనే దుకాణం నుంచి ప్యాకెట్ తెప్పించుకుంటాను. మత్తు చెడ్డదని వాడికి చెప్పే అర్హత నాకు ఉందా?
- ఒక తండ్రి, మల్కాపురం

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీ మీద నాకు గౌరవం కలిగింది. అర్హత ఉంది. పైగా ఈ విషయంలో మీరు చెప్పగలిగినంత సూటిగా నేను చెప్పలేను. "నీకంటే కొంచెం పెద్దవాడిగా ఉన్నప్పుడు స్నేహితులు ఇస్తే వేసుకున్నాను, మానదామంటే ఇప్పుడు చేతకావడం లేదు, పొద్దున్నే అది లేకపోతే చిరాకు వస్తోంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వ్యసనం అన్న మాటకు అర్థం వాడికి అక్కడే తెలుస్తుంది.

వాడిని దుకాణానికి పంపడం మాత్రం ఈ రోజుతో ఆపేయండి. 18 ఏళ్లు నిండనివారికి పొగాకు అమ్మడాన్ని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం నిషేధించింది కాబట్టి, ఇచ్చే దుకాణదారుది నేరమే. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ప్యాకెట్ కొనడం, సున్నం కలిపి అరచేతిలో నలపడం మీ అబ్బాయి రోజూ చూసి నేర్చుకుంటున్నాడు, ఇక నోట్లో వేసుకోవడం ఒక్కటే మిగిలింది. మీరు మానాలనుకుంటే 1800-11-2356 అనే జాతీయ ఉచిత నంబరు ఉంది, ఖైనీ ప్యాకెట్ మీద కూడా దానిని ముద్రిస్తారు. వైద్యుని సలహాతో నికోటిన్ చూయింగ్ గమ్ వంటివి వాడితే తొలి వారాల చిరాకు తగ్గుతుంది. మీరు ఆ నంబరుకు ఫోన్ చేసేటప్పుడు మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకోండి.