ఆశ రకం కందిలో ఎండు తెగులు, సొంత విత్తనం గురించి: సమాధానం

అన్నా, మూడేళ్లుగా సొంత విత్తనమే వేస్తున్న ఆశ కందిలో ఈసారి మొక్కలు ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉన్నాయని, అక్కడక్కడా ఎండిపోతున్నాయని రాశారు. టెన్షన్ పడకండి, రకం తప్పేం లేదు. ఎండు తెగులునూ, మొక్కను పూత కాత లేకుండా చేసే వెర్రి తెగులునూ తట్టుకునేలా పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో తయారైన రకం అది (దాని నంబరు ఐసీపీఎల్ 87119).

పెసర, మినుము దాదాపుగా సొంత పుప్పొడితోనే గింజ కడతాయి, కంది అలా కాదు. తేనెటీగలు పక్క చేను పుప్పొడిని మోసుకొస్తాయి. మీ గట్టు పక్కనే వేరే రకం ఉందన్నారు కదా, ఆ పుప్పొడి కలిసి మీ విత్తనం కల్తీ అయి ఉంటుంది, అందుకే ఎత్తుల్లో తేడా, తెగులును తట్టుకోలేకపోవడం.

ముందు ఎండిన మొక్క కాండాన్ని మొదట్లో చీల్చి చూడండి. లోపల నల్లటి చారలుంటే ఎండు తెగులే. అలాంటివి వేళ్లతో సహా పీకి కాల్చేయండి. ఆ తెగులు తెచ్చే శిలీంధ్రం మోళ్లలో మూడేళ్ల దాకా బతుకుతుంది. వచ్చే ఏడు ఆ ముక్కలో జొన్న వేయండి, కంది తప్పదనుకుంటే జొన్నతో కలిపి వేయండి.

ఈ ఏటి గింజ మాత్రం విత్తనానికి దాచొద్దు. ధ్రువీకరించిన విత్తనం కొత్తగా తెచ్చుకుని వేసి, అందులో ఆరోగ్యంగా ఉన్న పాతిక ముప్పై మొక్కలకు మొగ్గ దశలోనే దోమతెర కప్పండి. తెర తేనెటీగలను ఆపుతుంది. కందిలో పువ్వు విచ్చకముందే సొంత పుప్పొడి కూడా అందుతుంది కాబట్టి, తెర కింద కూడా కాయ పడుతుంది. ఆ గింజలే తర్వాతి ఏటికి విత్తనం.